విసిరేవాడా? పడగొట్టేవాడా?



హ్యూస్టన్‌లో పుట్టి పెరిగిన మన పిల్లలకు టెక్సన్స్ సొంత జట్టు. కనుక నేడు ఆ జట్టు ముచ్చటే చెప్పుకుందాం.

డ్రాఫ్టు అంటే కళాశాల ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకోవడం. కిందటి ఏడు అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుది మొదటి వంతు. ఆ వంతుతో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకోవాలా, అతన్ని పడగొట్టే డిఫెన్సివ్ లైన్‌మన్‌నా? చెడుగుడులో కూతకు వెళ్ళేవాడు గొప్పా, పట్టేవాడు గొప్పా అన్న అరుగుమీది వాదం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ తప్పితే నాలుగైదేళ్ళు పోతాయి.

2002లో కొత్త జట్టు మొదటి వంతుతో క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్‌ను తెచ్చుకుంది. అతనికి కాపు కాయవలసిన వరుస మాత్రం బలహీనం. ఆ ఒక్క సీజనులో అతన్ని 76 సార్లు పడగొట్టారు. అంతటి లెక్క లీగు చరిత్రలోనే లేదు. పెళ్ళికొడుకును తెచ్చి పందిరి వేయడం మరచినట్టయింది!

2006లో మళ్ళీ మొదటి వంతు. విన్స్ యంగ్ మన ఊరివాడు; ఆ జనవరిలోనే రోజ్ బౌల్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయాన్ని జాతీయ విజేతను చేసిన క్వార్టర్‌బ్యాక్. ఊళ్ళో చాలామంది అతన్నో, రెజ్జీ బుష్‌నో కోరితే, జట్టు లైన్‌మన్ మారియో విలియమ్స్‌ను తీసుకుంది. జనం మండిపడ్డారు. టెనెసీకి వెళ్ళిన యంగ్ ఆ ఏడే కొత్త ఆటగాళ్ళకిచ్చే బహుమతి గెలిచి అగ్నికి ఆజ్యం పోశాడు. కాని యంగ్ లీగు ఆట 2011తో ముగిసింది. విలియమ్స్ 2007లో 14 శాక్‌లు చేశాడు. ఊరివాడన్న మమకారం ఎంపికకు కొలబద్ద కాదు. అలాగని లైన్‌మన్ జట్టును గట్టెక్కించాడా? అతనున్న ఆరేళ్ళలో టెక్సన్స్ ప్లేఆఫ్‌కు చేరింది ఒక్క 2011లో. అప్పటికి అతను గాయంతో బయట కూర్చున్నాడు.

అందుకే మా మొగ్గు క్వార్టర్‌బ్యాక్ వైపు. ఎంతటి లైన్‌మన్‌నైనా ఇద్దరు చుట్టుముట్టి ఆపవచ్చు, బంతిని అతనికి దూరంగా నడపవచ్చు. క్వార్టర్‌బ్యాక్ చేతిలోకి బంతి రాని ఎత్తు అరుదు. పైగా 2011 ఒప్పందం తరువాత కొత్తవాడి జీతానికి కట్టుబాటు ఉంది. మిగిలిన సొమ్ముతో అతని చుట్టూ మనుషులను నిలపవచ్చు.

2023లో జట్టు రెండో వంతుతో సి. జె. స్ట్రౌడ్‌ను తీసుకుంది. వెంటనే, మరుసటి ఏడు మొదటి రౌండు వంతుతో సహా భారీ మూల్యం చెల్లించి మూడో వంతు కొని, లైన్‌మన్ విల్ ఆండర్సన్‌ను తెచ్చింది. చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆ ఏడు కొత్త ఆటగాళ్ళ బహుమతులు రెండూ, దాడికి ఒకటి, రక్షణకు ఒకటి, వీరిద్దరికే వచ్చాయి. 2022లో మూడే ఆటలు గెలిచిన జట్టు 2023లో పది గెలిచింది.

ఆండర్సన్ చొక్కాలు తొడుక్కుని ముందు వరుసలో కూర్చున్న పిల్లలు మా మొగ్గును ఒప్పుకోరని తెలుసు. భోజనాల దగ్గర తేల్చుకుందాం, రండి.