రేవులో క్యూ, కల్లంలో ధర

(గుడివాడ రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



బందరు పోర్టు మొదటి దశలో నాలుగు బెర్తులంటున్నారు. మన బియ్యం ఇక ఇక్కణ్ణుంచే ఓడెక్కుతాయని అందరికీ సంతోషం. నాకూ సంతోషమే. కానీ ముందు కాకినాడ సంగతి చూడండి. అక్కడి యాంకరేజి పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు, బస్తాలే బార్జీల్లో దాని దగ్గరకు పోవాలి. ఎగుమతులు పెరిగేసరికి ఓడలు వారాల తరబడి సముద్రంలో నిలబడ్డాయి. చివరికి 2021 ఫిబ్రవరిలో పక్కనున్న డీప్ వాటర్ పోర్టులోనూ బియ్యం ఎక్కించడానికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది.

ఓడ ఆగితే మనకేమిటంటారా? ఒప్పందంలోని గడువు దాటితే రోజుకింతని డెమరేజీ కట్టాలి. ఎగుమతిదారు దాన్ని మిల్లరుకిచ్చే ధరలో కోస్తాడు, మిల్లరు మన వడ్ల ధరలో కోస్తాడు. మనం కోయడానికి మన కింద ఎవరూ లేరు.

పోర్టు ఇంజనీర్లు ఓడల రాకపోకలను ముందే కంప్యూటర్లో ఆడించి చూస్తారు. సిమ్యులేషన్ అంటారు దాన్ని. మనం చింతగింజలతో చేద్దాం. బెర్తు ఒకటి. ఓడ నింపడానికి రెండు రోజులు. పది రోజుల్లో ఐదు ఓడలు. రోజు మార్చి రోజు ఒక్కోటి వస్తే ఏదీ ఆగదు. అవే ఐదు ఓడలు మొదటి రోజు రెండు, రెండో రోజు ఒకటి, ఎనిమిదో రోజు రెండు వచ్చాయనుకోండి. రెండో ఓడ రెండు రోజులు ఆగుతుంది, మూడోది మూడు, ఆఖరిది రెండు. మొత్తం ఏడు రోజులు. తమాషా ఏమంటే, ఏడో రోజు బెర్తు ఖాళీగా ఉంటుంది! మూడో రోజు వాన పడి లోడింగు ఆపారా, వెనకున్న రెండు ఓడలూ చెరో రోజు జరిగి ఏడు కాస్తా తొమ్మిదవుతుంది. అందుకే సగటు లెక్క చూపించి సామర్థ్యం చాలంటే నేను ఒప్పుకోను.

మన పంట మాత్రం వరసగా వస్తుందా? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను అన్నప్పుడు చూశాం కదా, అందరికీ ఒక్కసారే కోతమిషను కావాలి, అందరి ట్రాక్టర్లూ ఒక్కసారే కాటా దగ్గరుండాలి. గుడివాడకైతే రైలుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు సరుకంతా లారీల మీదే పోవాలి. ఓడ ఆలస్యమైతే ఆ లారీలు ఎక్కడ దింపుతాయి?

(2023 జులైలోలాగా కేంద్రం తెల్లబియ్యం ఎగుమతినే ఆపేస్తే ఏ బెర్తూ మనల్ని ఆదుకోదు. అది వేరే పోరాటం.)

అందుకని కలెక్టరుగారికిచ్చే అర్జీలో రెండు మాటలు చేర్చమంటున్నాను. డిసెంబరు రద్దీ, వానరోజులు, బొగ్గు ఓడలు అన్నీ కలిపి లెక్కగట్టి, బియ్యం ఓడ ఎన్నాళ్లు ఆగాల్సి వస్తుందో తెలుగులో బయటపెట్టాలి. రేవు దగ్గర బియ్యానికి గోదాములు బెర్తులతో పాటే కట్టాలి, తర్వాత కాదు.

గింజలు బల్ల మీదే ఉంచాను. అనుమానమున్నవారు వచ్చి పేర్చి చూసుకోండి.