తాడు ముడిలో ఉన్న విద్య



శిల్పం అనగానే మనకు గుర్తొచ్చేది రాయి, లేకుంటే కంచు. తాడుతో శిల్పం చేస్తారంటే మనవాళ్ళు నవ్వుతారు. కానీ చేసిందొకామె. పేరు మృణాళినీ ముఖర్జీ. 1949లో బొంబాయిలో పుట్టింది. బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకుంది. 1970ల మొదట్లోనే నారతాడు చేతబట్టింది.

ఎట్లా చేసిందంటే, తాడుకు రంగులద్దింది. ముందుగా బొమ్మ గీసుకోలేదు, నమూనా పెట్టుకోలేదు. ముడి మీద ముడి వేసుకుంటూ పోయింది. ముడులు మడతలయ్యాయి, మడతలు పూరేకులయ్యాయి. 1984లో చేసిన ‘యక్షి’ని చూస్తే అది ఆడమనిషా, విచ్చుకుంటున్న పువ్వా, చెట్టు మొదలా అని తేల్చుకోలేం. తర్వాత మట్టి, కంచు కూడా పట్టింది.

చాలాకాలం కొందరు పెద్దలు ఏమన్నారు? ఇది శిల్పం కాదు, చేతిపని అన్నారు. 2015లో ఢిల్లీ జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఆమె పనులు పెట్టారు. ఆ రోజుల్లోనే ఆమె కన్నుమూసింది. 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ళూ పెట్టారు.

ఇప్పుడు మనం అడగవలసింది ఒకటుంది. ‘చేతిపని’ అనే మాట తిట్టెట్లా అయింది? జనుము కట్టలు చెరువులో నానబెట్టి, నార ఒలిచి, పురిపెట్టి పగ్గాలు పేనిందెవరు? ఎద్దు మూతికి చిక్కం అల్లిందెవరు? తోలు పదును చేసి డప్పు మూసిందెవరు? వాళ్ళెవరూ కాగితం మీద గీసుకోలేదు. కొలత చేతిలోనే ఉంది. ఆమెను ఆ మాట గీరింది. మనల్ని అదే మాట తరతరాలుగా నరికింది.

ఆమె తండ్రి వినోద్ బిహారీ ముఖర్జీ పేరున్న చిత్రకారుడు, తల్లి లీల శిల్పి. చదువుంది, కాలేజీ ఉంది. అందుకే తాడు పట్టినా ఎప్పటికో శిల్పి అనిపించుకుంది. మన తాతలు పేనితే వెట్టి అన్నారు. ఇందులో ఆమెను తప్పుపట్టేదేం లేదు. కూచుని ముడి వేసిన మనిషి, గౌరవిద్దాం.

కులవృత్తిలోనే ఉండమని మేం చెప్పటం లేదు. చదువు మాని తాడు పేనమని అసలే కాదు. తాడు పేనే చేతికి చదువు రావాలి. చదువుకున్న చేతికి తాడంటే సిగ్గు పోవాలి. హైదరాబాదులో శిల్పం నేర్పే ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. బొమ్మలు చేసే పిల్లను ‘ఎందుకే ఈ మట్టి పని’ అని కసరకండి. పదిమందిమి కలిసి ఆ పిల్లకు దరఖాస్తు పెట్టిద్దాం. చిక్కం అల్లగల ముసలివాళ్ళు ఉండగానే వాళ్ళ పేర్లు, పనులు రాసిపెడదాం. మనం రాయకుంటే ఎవరూ రాయరు.