కాలువ కట్ట మీద సైకిలు



సూర్యాపేట నుంచి కోదాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కితే గంట సేపట్లో దిగిపోతాం. ఆ గంటలో కంటికి ఆనేవి డివైడరు మీది పూలచెట్లు, దాబాల బోర్డులు, ముందు పోయే లారీ వెనక భాగం. ఈ రహదారికి దక్షిణాన, మిర్యాలగూడ వైపు నుంచి కోదాడ వైపు వచ్చే దారి ఇంకొకటి ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్ట. దాని మీద తీరిగ్గా సైకిలు తొక్కుకుంటూ పోవడం గురించి ఈ పూట చెబుతాను.

1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ గారు సాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఊళ్లలో మాత్రం అది పెద్ద కాలువే. 11 వేల క్యూసెక్కులు మోసేలా తవ్విన కాలువ అది. నిండుగా పారుతున్నప్పుడు పక్కన నిలబడితే ఏటి ఒడ్డున నిలబడినట్టే ఉంటుంది.

నీరు పల్లమెరుగు అంటారు. కాలువ తవ్వేవాళ్లకు ఆ మాటే లెక్క. పల్లానికి ఒక్కసారిగా దిగితే నీళ్లు కట్టను కోసేస్తాయి, కింద పొలాలు తప్ప పైవాటికి అందవు. అందుకని సర్వేవాళ్లు ఒకే మట్టం పట్టుకుని, గుట్ట వస్తే దాని చుట్టూ తిప్పి, వాగు వస్తే దాటించి, కిలోమీటరుకు కొద్ది అంగుళాల వాలు మాత్రమే ఉండేలా గీత గీశారు. నీటి కోసం గీసిన ఆ గీత సైకిలు తొక్కేవాడికి వరమైంది. కట్ట మీద ఎక్కుడు లేదు, దిగుడు లేదు. అరవై దాటినవాళ్లు, గేర్లు లేని పాత సైకిలు ఉన్నవాళ్లు కూడా రొప్పకుండా పోవచ్చు. మలుపులు మాత్రం లెక్కలేనన్ని. అవతలి ఊరి గుడి శిఖరం కాసేపు ఎదురుగా కనిపిస్తుంది, కాసేపటికి పక్కకు వస్తుంది, ఇంకాసేపటికి వెనక్కి పోతుంది.

నీళ్లు పారే దిక్కుకే పోతుంటే కుడిచేతి వైపు చూడండి. కట్ట దిగువన కృష్ణానది దాకా ఆయకట్టు. మడి పక్కన మడి, నడుమ సన్నని గెట్లు, నాట్లు వేసే ఆడవాళ్ల వరుసలు. ఎడమచేతి వైపు మిట్ట. ఎర్ర చెలకలు, తాటిచెట్లు, పత్తి, బోరు పడ్డచోట కొంచెం పచ్చదనం. మధ్యలో ఉన్నది కాలువ వెడల్పు మాత్రమే. అయినా అటు ఇల్లు వేరు, ఇటు ఇల్లు వేరు, పిల్లనిచ్చేటప్పుడు అడిగే మాటలు కూడా వేరు. ఎత్తిపోతల పథకాలు వచ్చాక మిట్ట వైపు కూడా కొన్నిచోట్ల పచ్చబడింది. ఈ తేడా కారులో పోయేవాళ్లకు అందదు, నడిచేవాళ్లకు ఒక్కపూటలో తేలదు. సైకిలు వేగానికే సరిగ్గా అందుతుంది. నేను ఈ దారిని ఇంతగా ఇష్టపడేది అందుకే.

నిజానికి ఈ కట్ట సైకిళ్ల కోసం వేసింది కాదు. ఇంజనీర్ల జీపులు, కాలువ కాపలా కాసే లస్కర్లు తిరగడానికి వేసుకున్న దారి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో గట్ల కథ వేరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అక్కడి కాలువలు పొలాలకు నీళ్లూ ఇచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. గాలి అనుకూలించనప్పుడు పడవవాళ్లు మోకు భుజాన వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవను లాగేవాళ్లు. సముద్రం ఒడ్డు వెంబడి మద్రాసు దాకా పోయే బకింగ్‌హాం కాలువ మీద కూడా అదే తంతు. ఫ్రాన్సులో 1681లో పూర్తయిన కెనాల్ దు మిడి గట్ల మీద పడవలు లాగే గుర్రాలు నడిచేవి. ఇప్పుడు అదే గట్ల మీద దేశదేశాల వాళ్లు వచ్చి రోజుల తరబడి సైకిళ్లు తొక్కుతున్నారు. మన సాగర్ కాలువ లారీల కాలంలో పుట్టింది కాబట్టి దాని కట్టకు పడవలతో పని పడలేదు. కానీ పొలానికి పోయే రైతు, బడికి పోయే పిల్లలు, గడ్డిమోపు కట్టుకుని ఇంటికి చేరేవాళ్లు దాన్ని మొదటినుంచీ సైకిలు దారిగానే వాడుకున్నారు.

మిర్యాలగూడ నుంచి బయలుదేరేవాళ్లు వేములపల్లి దగ్గర కాలువను పట్టుకోవచ్చు. పట్నం దాటేదాకా రైసుమిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వెంట వస్తుంది. కోతల రోజుల్లో కట్ట మీద కూడా వడ్లు ఆరబోస్తారు. అక్కడ దిగి సైకిలు నడిపించుకుంటూ పోవడం మర్యాద. ఎవరి ఏడాది కష్టమో అది.

దారిలో ఒక తూము దగ్గర తప్పక ఆగండి. సిమెంటు దిమ్మె మీద ఇనుప మర, దానికి గ్రీజు, ఆ పైన గొలుసు, తాళం. పక్కగోడ మీద నీటిమట్టం తెలిపే అడుగుల గీతలు. లస్కరు మర తిప్పుతుంటే కిందినుంచి ముందు గాలి బుడగలు, తర్వాత ఎర్రని మడ్డినీళ్లు, కాసేపటికి తేటనీళ్లు మేజరు కాలువలోకి పడతాయి. మేజరు నుంచి మైనరుకు, మైనరు నుంచి పిల్లకాలువకు పోయి, చివరి మడికి చేరేదాకా ఆ నీటి వెనక పారలు పట్టుకుని మనుషులు నడుస్తూనే ఉంటారు. వంతులవారీగా నీళ్లిచ్చే వారబందీ రోజుల్లో అయితే రాత్రిళ్లు కూడా. చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు అందలేదన్న వార్త పేపర్లో చదవడం వేరు, ఆ మర దగ్గర నిలబడి చూడడం వేరు.

మునగాల దాటాక నడిగూడెం. ఈ దారిలో నాకు మనసైన మజిలీ ఇదే. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉండేది, పరగణా మాత్రం ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలో భాగం. ఆ సంస్థానం రాజా నాయని వెంకట రంగారావు గారు, దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు గారు కలిసి తెలుగువాళ్లకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వాళ్ల పూనికతో వచ్చినవే. ఈ నడిగూడెంలోనే రాజా గారి ఆదరణలో పింగళి వెంకయ్య గారు పత్తి పంట మీద పరిశోధన చేశారు. పత్తి వెంకయ్య అన్న పేరు ఆయనకు అలా వచ్చింది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా చూపించింది ఆయనే. నడిగూడెంలో రాజా గారి కోట ముందు సైకిలు స్టాండు వేసి కాసేపు కూర్చోండి. ఇప్పటికీ ఆ మిట్ట చేలల్లో పత్తి పండుతూనే ఉంది.

నడిగూడెం మండలంలోనే కాగిత రామచంద్రపురం దగ్గర 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానలకు కట్ట తెగింది. దిగువ పొలాలు ఇసుకమేట వేశాయి. రెండేళ్ల ముందు, 2022 సెప్టెంబరులో, నిడమనూరు వైపు కూడా ఇలాగే గండి పడింది. కాబట్టి వానలు దంచికొట్టే రోజుల్లో కట్ట మీదికి పోవద్దు. తడిసిన రేగడి మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రాన్ని తిరగనివ్వదు కూడా. కాలువలో మాత్రం ఏ కాలంలోనూ దిగకండి. సిమెంటు లైనింగు ఏటవాలుగా, నాచు పట్టి ఉంటుంది. ఈతగాడు కూడా పైకి రాలేడు. 2019 అక్టోబరులో చాకిరాల దగ్గర కారు కాలువలో పడి ఆరుగురు పోయారు. పిల్లల్ని తీసుకుపోతే వాళ్లను పొలాల వైపు ఉంచి, మీరు నీళ్ల వైపు తొక్కండి.

నవంబరు నుంచి జనవరి చివరిదాకా అనువైన కాలం. ఎండ నెమ్మదిగా ఉంటుంది, కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు కనిపిస్తాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట ఉంటే ఎగిరేదాకా ఆగండి, ఆ రెక్కల నీలం చూడాల్సిందే. లావు టైర్ల సైకిలైతే మొరం మీద సుఖం. పానా, పంపు, రెండు ట్యూబులు, పంచరు సొల్యూషను వెంట ఉండాలి. సర్కారు తుమ్మ ముల్లు టైరులోకి సూదిలా దిగుతుంది. ముల్లు తీసేటప్పుడు విరగకుండా చూసుకోండి. మొన సగం లోపలే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది.

సూర్యాపేటవాళ్లు ఎడమ కాలువ దాకా రానక్కర లేదు. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు కాలువలు వాళ్లకు దగ్గరే. పక్కనే పిల్లలమర్రి ఉంది. కాకతీయుల కాలంలో రేచర్ల ప్రభువులు కట్టించిన గుళ్లు చూసి, మధ్యాహ్నానికి ఇంటికి చేరవచ్చు.

నీటిపారుదల శాఖవారికి ఒక విన్నపం. ప్రతి వంతెన దగ్గరా ఊరి పేరు, కిలోమీటరు నంబరు తెలుగులో రాయించండి. ప్రమాదమున్న మలుపుల్లో కంచె వేయించండి. కట్ట పొలాల వైపు వేపమొక్కలు పెట్టించి, మూడు వేసవులు నీళ్లు పోయించండి. సైకిలు వాళ్లకంటే ముందు ఆ నీడ కావలసింది ఎండలో కట్ట వెంట తిరిగే లస్కర్లకు, నాట్లు వేసి అన్నం ముద్ద కోసం ఒడ్డుకు వచ్చే కూలీలకు.