ఒకే కాగితాల కట్ట, రెండు చరిత్రలు: జర్మనీ గురించి ఇద్దరి తగువు

ఇవాళ నేను హిట్లర్ గురించి చెప్పబోవడం లేదు. ఆయన మీద వీడియోలు బోలెడు ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. ఇవాళ మాట్లాడుకునేది జర్మనీలోని హాంబర్గ్ ప్రాంతానికి చెందిన, 500కి కాస్త తక్కువ మంది మామూలు మనుషుల గురించి. వాళ్ళ మీద ఇద్దరు అమెరికన్ పరిశోధకులు రెండు పుస్తకాలు రాశారు. ఇద్దరూ చదివింది చాలావరకు ఒకే కాగితాలు. తేల్చింది మాత్రం వేర్వేరు సంగతులు. అదెలా కుదిరింది? అదే ఇవాళ్టి ప్రశ్న. ముందే చెప్తున్నా, ఇందులో సామూహిక హత్యల ప్రస్తావన ఉంటుంది.

1942 జులై 13. పోలండ్‌లో యూజెఫుఫ్ అనే చిన్న ఊరు. తెల్లవారుతుండగా రిజర్వ్ పోలీస్ బెటాలియన్ 101 లారీల్లోంచి దిగింది. వీళ్ళు కుర్రాళ్ళు కాదు, సగటు వయసు 39. రేవులో పనిచేసినవాళ్ళు, లారీ డ్రైవర్లు, గుమస్తాలు. ఇంటి దగ్గర భార్యాపిల్లలు ఉన్నవాళ్ళు. వాళ్ళ కమాండర్ మేజర్ విల్‌హెల్మ్ ట్రాప్‌కి 53 ఏళ్ళు. ఆయన అందర్నీ చుట్టూ నిలబెట్టి ఆదేశం చెప్పాడు. ఊళ్ళోని యూదుల్లో పనికి పనికొచ్చే మగవాళ్ళని వేరు చేయాలి. మిగతా అందర్నీ, అంటే ఆడవాళ్ళని, పిల్లల్ని, ముసలివాళ్ళని కాల్చేయాలి.

చెబుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయని తర్వాత సాక్షులు చెప్పారు. ఆ వెంటనే ఆయన ఎవరూ అనుకోని మాట అన్నాడు. మీలో పెద్దవయసు వాళ్ళెవరైనా ఈ పని నా వల్ల కాదు అనుకుంటే ముందుకు రావచ్చు, వదిలేస్తాను అని.

ఎంతమంది వచ్చారో తెలుసా? సుమారు 12 మంది.

ఆ రోజు సుమారు 1,500 మందిని అడవిలోకి తీసుకెళ్ళి చంపారు. కాల్చే పని పడినవాళ్ళలో కొందరు మధ్యలో తప్పుకున్నారు, ఏదో వంకతో పక్కకి జారుకున్నారు. అలాంటివాళ్ళు 10 నుంచి 20 శాతం ఉంటారని ఒక అంచనా. మిగతావాళ్ళు ఆపలేదు. 1943 చివరికల్లా ఈ ఒక్క బెటాలియన్ కనీసం 38,000 మందిని కాల్చి చంపడంలో, ఇంకో 45,000 మందిని ట్రెబ్లింకా మరణ శిబిరానికి రైళ్ళు ఎక్కించడంలో పాలు పంచుకుంది.

సరే, ఇవన్నీ మనకెలా తెలుసు? 1960లలో హాంబర్గ్ ప్రాసిక్యూటర్లు ఈ బెటాలియన్‌లో 210 మందిని విచారించారు. ఆ వాంగ్మూలాలే మనం చెప్పుకుంటున్న కాగితాల కట్ట.

దాన్ని చదివి క్రిస్టఫర్ బ్రౌనింగ్ 1992లో 'ఆర్డినరీ మెన్' రాశారు, అంటే మామూలు మనుషులు. ఆయన వాదన ఇదీ: వీళ్ళని బాగా నడిపించింది తోటివాళ్ళ ఒత్తిడి. నేను పక్కకి తప్పుకుంటే పిరికివాణ్ణంటారు, నా వంతు పాపం పక్కవాడి మీద పడుతుంది అనే భయం. దానికి యుద్ధం, ప్రచారం, పై అధికారి మాట తోడయ్యాయి. అలాంటి చోట ఇంకే దేశపు మామూలు మనుషులున్నా ఇలా మారిపోగలరు అని ఆయన హెచ్చరిక.

నాలుగేళ్ళ తర్వాత, 1996లో డేనియల్ గోల్డ్‌హాగెన్ 'హిట్లర్స్ విల్లింగ్ ఎగ్జిక్యూషనర్స్' తెచ్చారు. ఇష్టపడి పనిచేసిన తలారులు అన్నమాట. ఆయన అన్నది, వీళ్ళు వట్టి మామూలు మనుషులు కాదు, మామూలు జర్మన్లు. యూదుల్ని లేకుండా చేయాలనే ద్వేషం ఆ సమాజంలో ఎప్పటినుంచో పాతుకుపోయింది, చేస్తున్నది న్యాయమేనని నమ్మే వీళ్ళు చేశారు అని.

ఒక్క ఉదాహరణ చూడండి. ఈ బెటాలియన్‌లో ఒక కెప్టెన్, కొత్తగా పెళ్ళయి గర్భంతో ఉన్న తన భార్యని, మరో ఊళ్ళో యూదుల్ని తరిమి రైలెక్కిస్తున్న రోజు అక్కడికి తీసుకొచ్చాడు. అది చూసి మనవాళ్ళకి ఒళ్ళు మండిందని వాంగ్మూలాల్లో ఉంది. బ్రౌనింగ్ దీన్ని ఎలా చదివారు? చూశారా, చేస్తున్న పనికి వాళ్ళకి లోపల ఇంకా సిగ్గుంది అని. గోల్డ్‌హాగెన్ ఎలా చదివారు? గర్భిణిని ఇలాంటి చోటికి తేవచ్చా అన్నదే వాళ్ళ అభ్యంతరం, హత్యల గురించి సిగ్గు కాదు అని. సంఘటన ఒక్కటే. కోపం ఒక్కటే. అర్థాలు రెండు.

ఇక అసలు చిక్కు. ఆ వాంగ్మూలాల్లో యూదుల మీద ద్వేషం మాట దాదాపు కనబడదు. అంటే ద్వేషం లేదనేనా? ఆగండి. అప్పటి జర్మన్ చట్టం ప్రకారం, నీచమైన ఉద్దేశంతో చంపితే అది హత్యానేరం. జాతిద్వేషం ఆ లెక్కలోకే వస్తుంది. అంతకంటే చిన్నదైన నరహత్య నేరానికి కేసు పెట్టే గడువు 1960లోనే అయిపోయింది. అంటే ప్రాసిక్యూటర్ ముందు కూర్చుని "నాకు యూదులంటే అసహ్యం" అన్నవాడు తన మెడకి తానే ఉరి బిగించుకున్నట్టు. మరి ఎవరంటారు? ఈ సంగతి బ్రౌనింగే స్పష్టంగా రాశారు.

అయితే ఆ మౌనాన్ని ఏం చేయాలి? గోల్డ్‌హాగెన్ ఒక నియమం పెట్టుకున్నారు. తనని తాను వెనకేసుకొచ్చే మాటకి వేరే ఆధారం లేకపోతే తీసి పారేయాలి. వినడానికి బాగుంది కదా? బ్రౌనింగ్ అభ్యంతరం ఏంటంటే, సంకోచం, బాధ చెప్పిన మాటలన్నీ అలా తీసేస్తే చివరికి మిగిలేది నువ్వు ముందే అనుకున్నదే. ఆయన ఇంకోటి కూడా చూపించారు. ఆ బెటాలియన్‌లో లక్సెంబర్గ్ నుంచి వచ్చిన 14 మంది కుర్రాళ్ళున్నారు. వాళ్ళు పెరిగింది జర్మనీలో కాదు. వాళ్ళ గురించి ఆధారాలు కొద్దివే, కానీ వాళ్ళు మిగతావాళ్ళకి భిన్నంగా నడుచుకున్నట్టు వాటిలో కనబడదు.

హాన్స్ మమ్‌సెన్, ఎబర్‌హార్డ్ యెకెల్ లాంటి పేరున్న జర్మన్ చరిత్రకారులు గోల్డ్‌హాగెన్ పుస్తకాన్ని గట్టిగా విమర్శించారు. కానీ ఆయన జర్మనీకి వెళ్తే సభలు జనంతో నిండిపోయాయి. 1997లో అక్కడే ఒక ప్రజాస్వామ్య పురస్కారం ఇచ్చారు, తత్వవేత్త హాబర్‌మాస్ ప్రసంగించారు. పండితులు కాదన్న పుస్తకం జనానికి ఎందుకు కావాల్సి వచ్చింది? వ్యవస్థ, యంత్రాంగం లాంటి పెద్దమాటల వెనక దాక్కున్న మనిషిని ఆయన పేరుపెట్టి, నువ్వే చేశావు అన్నారు. తాత ఏం చేశాడో ఇంట్లో ఎవరూ చెప్పని తరానికి ఆ మాట అవసరమైందని నాకనిపిస్తుంది.

నా సంగతి చెప్తాను. ఆధారాల దగ్గర నేను బ్రౌనింగ్ వైపే. కానీ ఆయన్ని చదివి నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న మాట కూడా నిజం. "ఎవరున్నా అంతే చేసేవాళ్ళు" అనుకుంటే ఎవర్నీ తప్పుపట్టక్కర్లేదు. "జర్మన్లే అలాంటివాళ్ళు" అనుకుంటే మనకి సంబంధమే లేదు. రెండు పుస్తకాల్నీ ఇలా సుఖంగా తప్పు చదవచ్చు. అలా చదవనివ్వంది ఆ 12 మంది. వాళ్ళదీ అదే దేశం, అదే బెటాలియన్, అదే ఉదయం. ముందుకొచ్చినందుకు వాళ్ళనెవరూ కాల్చలేదు. యుద్ధం తర్వాత ఇన్ని విచారణలు జరిగినా, నిరాయుధుల్ని చంపనన్నందుకు ఘోరమైన శిక్ష పడిందని ఒక్క కేసు కూడా ఏ లాయరూ చూపించలేకపోయాడు.

కాబట్టి "చరిత్రలో అసలు నిజం ఇదే" అని రేపు మీ ఫోన్‌కి ఏదైనా వస్తే, మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట ఎవరన్నారు? ఎవరి ముందు అన్నారు? ఇంకోలా చెప్పుంటే వాళ్ళకి ఏం నష్టం జరిగేది? ట్రాప్ కన్నీళ్ళకి కూడా ఇవే ప్రశ్నలు. ఆయనకి 1948లోనే పోలండ్‌లో మరణశిక్ష అమలైంది. ఆ కన్నీళ్ళ గురించి 1960లలో చెప్పింది ఆయన కింద పనిచేసినవాళ్ళు. అబద్ధమని నేననడం లేదు. ఎవరు చెప్పారో గుర్తుపెట్టుకోమంటున్నా, అంతే.

ఇద్దరిలో ఎవరి మాట మీకు సబబుగా తోచింది, ఎందుకు? కింద రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.