జకాత్‌లో రుణగ్రస్తుని హక్కు





షాబాన్ మాసం సగం గడిచింది. మనలో పలువురు జకాత్ లెక్కలు కట్టే కాలమిది. ఎంత ఇవ్వాలన్న ప్రశ్నతో మా వద్దకు వచ్చేవారు అనేకులు. బంగారం ఈ నెల ధరకు కట్టాలా, కొన్న ధరకు కట్టాలా అని కూడా అడుగుతారు. ఎవరికి ఇవ్వాలని అడిగేవారు మాత్రం అరుదు. వాకిట నిలిచినవానికి ఇచ్చివేస్తే బాధ్యత తీరిందనే భావన మనలో పాతుకుపోయింది.

ఒక్క విషయం ఆలోచించండి. నమాజులో ఎన్ని రకాతులో ఖురాన్‌లో వివరంగా లేదు, దైవప్రవక్త నేర్పారు. నూటికి రెండున్నర అన్న జకాత్ పరిమాణమూ హదీసుల ద్వారానే మనకు తెలిసింది. కాని జకాత్ ఎవరికి చెందాలో మాత్రం అల్లాహ్ స్వయంగా, తౌబా సూరా 60వ ఆయతులో, ఎనిమిది వర్గాలను పేర్కొని నిర్ణయించాడు. ఫఖీర్లు, మిస్కీన్లు, జకాత్ వసూలుకు నియమితులైనవారు, హృదయాలను చేరదీయవలసినవారు, బానిసత్వం నుండి విముక్తి పొందవలసినవారు, రుణగ్రస్తులు, అల్లాహ్ మార్గంలో ఉన్నవారు, బాటసారులు. వీరిలో నాలుగవ వర్గానికి ఇవ్వడం హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఖిలాఫత్ కాలంలోనే, హజ్రత్ ఉమర్ (రజి) అభిప్రాయం మేరకు నిలిచిపోయిందని హనఫీ ఉలమా చెబుతారు. బానిసలు నేడు లేరు. వసూలు ఉద్యోగి అంటే ఇస్లామీయ ప్రభుత్వం నియమించినవాడు; రసీదు పుస్తకం చేతబట్టి, వచ్చినదానిలో సగం కమీషనుగా ఉంచుకునేవాడు కాడు. ఈ మాట కొందరికి కష్టం కలిగించినా చెప్పక తప్పదు.

ఈనాడు మేము ఆరవ వర్గం గురించి, అనగా ‘గారిమీన్’ అని ఖురాన్ పేర్కొన్న రుణగ్రస్తుల గురించి, కొంత వివరంగా మాట్లాడదలచాము. మన జకాత్ వీరి గడప తొక్కడం మేము బహు తక్కువగా చూశాము.

దైవప్రవక్త తమ నమాజులో పాపం నుండి, అప్పు నుండి అల్లాహ్ శరణు వేడేవారు. అప్పు గురించి ఇంత తరచుగా ఎందుకు వేడుతున్నారని అడిగినప్పుడు, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడుతాడు, వాగ్దానం చేస్తే తప్పుతాడని సెలవిచ్చారు. ఫోను మ్రోగితే ‘నాన్న ఇంట్లో లేడని చెప్పు’ అని పసివానికి నేర్పే తండ్రిని ఎరిగినవారికి ఈ హదీసు బాగా అర్థమవుతుంది.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన సంఘటన ఒకటి ఉంది. ఒక వ్యక్తి పండ్లు కొన్నాడు. పంటకు ఆపద వచ్చింది. అప్పు పెరిగిపోయింది. అతనికి సదఖా ఇవ్వండని దైవప్రవక్త ప్రజలను ఆదేశించారు. ప్రజలు ఇచ్చారు, అయినా అప్పు పూర్తిగా తీరలేదు. అప్పుడు ఋణదాతలతో, దొరికినది తీసుకోండి, అంతకు మించి మీకేమీ లేదని తీర్పు చెప్పారు. మామిడి తోటలను పూత మీదనే గుత్తకు తీసుకునే మన సోదరులకు ఈ హదీసు విప్పి చెప్పనవసరం లేదు. ఒక్క గాలివాన చాలు. ఇక్కడ గమనించదగినది మరొకటి ఉంది: ఆ మనిషి వర్తకుడు, భిక్షకుడు కాడు.

కనుకనే రుణగ్రస్తుని గురించి మన ఫిఖ్హ్ చెప్పేది శ్రద్ధగా వినండి. నివసించే ఇల్లు, వాడుకునే బట్టలు, పాత్రలు, వృత్తి పనిముట్లు లెక్కలోకి రావు. ఇవిగాక మిగిలిన ఆస్తి నుండి అప్పు తీసివేయగా, 52½ తులాల వెండి, అనగా సుమారు 612 గ్రాముల వెండి విలువకు తక్కువ మిగిలితే, అతడు జకాత్ పుచ్చుకొనవచ్చును. సొంత ఇల్లు ఉండవచ్చు, నడుపుకునే ఆటో ఉండవచ్చు, నెల జీతమూ ఉండవచ్చు. ‘ఇల్లున్నవానికి జకాత్ ఏమిటి’ అని త్రోసిపుచ్చడం సరికాదు. దీనికి భిన్నంగా, అప్పు లేని వితంతువు పెట్టెలో మూడు తులాల బంగారం ఉంటే, దాని విలువ ఆ వెండి విలువను దాటుతుంది గనుక ఆమె జకాత్‌కు అర్హురాలు కాదు. ఆమెకు కానుకగా, సదఖాగా ఇవ్వండి. కన్నీరు చూసి కరిగిపోవడం వేరు, హక్కు నిర్ణయించడం వేరు.

సోదరులారా! 2010లో మైక్రోఫైనాన్స్ అప్పుల ఒత్తిడికి ఆత్మహత్యలు జరుగుతున్నాయని వార్తలు వచ్చినప్పుడు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. ఆ పేరు మారినా, ఆ బాధ మన బస్తీల నుండి పోలేదు. రోజువారీ వసూలుకు వచ్చే ఫైనాన్సువారు, పిల్ల పెండ్లికి తెచ్చిన నూటికి ఐదు, నూటికి పది వడ్డీలు మన వీధులలోనే ఉన్నాయి. వడ్డీకి తెచ్చినవాడు తౌబా చేయాలి, అందులో సందేహం లేదు. కాని జబ్బుపడిన తల్లిని ఆసుపత్రిలో చేర్చడానికి అతడు మన వీధిలో ఎన్ని తలుపులు తట్టి, తుదకు ఆ వడ్డీ దుకాణానికి పోయాడో మనం కూడా లెక్క చూసుకోవాలి.

ఇక ఇచ్చే విధానం. జకాత్ చెల్లాలంటే సొమ్ము అర్హుని సొంతం కావాలి. దీనినే ‘తమ్లీక్’ అంటారు. అందుకే జకాత్‌తో మసీదు కట్టరాదు, కఫన్ కొనరాదు, చనిపోయినవాని అప్పు నేరుగా తీర్చరాదు. వర్తక సోదరులు తరచుగా అడిగేది ఒకటుంది: ‘ఫలానావాడు మా కొట్టులో ఇరవై వేలు బాకీ. రాని బాకీ కదా, పద్దు కొట్టివేసి జకాత్ క్రింద వ్రాసుకోవచ్చునా?’ చెల్లదు. బాకీ మాఫీ చేయడం గొప్ప పుణ్యకార్యమే, కాని అది జకాత్ కాదు. జకాత్ సొమ్ము ఆయన చేతికిచ్చి, ఆయన యజమాని అయిన పిమ్మట, మీ బాకీ మీరు అడిగి పుచ్చుకొనవచ్చును. అదేవిధంగా ఒకని అప్పును అతని అనుమతితో మీరే వెళ్లి ఋణదాతకు కట్టవచ్చు. అడగకుండా కడితే మాత్రం మన హనఫీ మస్లక్ ప్రకారం జకాత్ నెరవేరదు.

తల్లిదండ్రులకు, తాత అవ్వలకు, బిడ్డలకు, మనుమలకు, భార్యాభర్తలు ఒకరికొకరు జకాత్ ఇవ్వరాదు. సయ్యిద్ కుటుంబాలకు ఇవ్వరాదు. వారికి మన సొంత సొమ్ములోనుండి గౌరవంగా కానుక ఇవ్వాలి. కాని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామ, పినతండ్రి, మేనత్త, అల్లుడు, కోడలు అర్హులైతే ఇవ్వవచ్చు, ఇవ్వడమే మేలు. పేదకు ఇచ్చినది సదఖా అని, బంధువుకు ఇచ్చినది సదఖాతోపాటు బంధుత్వాన్ని కలుపుకోవడం కూడా అని హదీసులో ఉంది. దూరపు ఊరి నుండి వచ్చిన అపరిచితునికి ఇచ్చి, అత్తవారింట అప్పులతో నలిగే చెల్లెలిని మరచిపోయేవారు మనలో లేరా?

ఆమె అడగదు. ఒకటి రెండు ముద్దల కోసం ఇల్లిల్లు తిరిగేవాడు అసలైన మిస్కీన్ కాడని, తనకు చాలినది లేకున్నా ఎవరికీ తెలియనీయక, చేయి చాచక ఉండేవాడే మిస్కీన్ అని దైవప్రవక్త తెలియజేశారు. అట్టివారికి ఇచ్చేటప్పుడు ‘ఇది జకాత్’ అని చెప్పనవసరం లేదు. మనసులో నియ్యత్ చాలు. ఈద్ కానుక అనండి, పిల్లల ఫీజుకు అనండి. ఫోటో తీయకండి. దుప్పటి ఇస్తూ నలుగురు నిలబడి తీయించుకున్న చిత్రాలు చూచి మేము సిగ్గుపడుతున్నాము.

తమకు తెలిసిన రుణగ్రస్తుని గురించి చెప్పదలచినవారు అస్ర్ నమాజు తరువాత మాతో ఒంటరిగా మాట్లాడవచ్చు. పేరు వ్రాయము. అప్పు ఎంత, ఎవరికి చెల్లించాలి, గడువు ఎప్పుడు అన్న మూడు వివరాలు చాలు.

యా అల్లాహ్! అప్పుల భారం నుండి, మనుషుల దౌర్జన్యం నుండి మమ్మల్ని కాపాడు. ఆమీన్.