సిలోసో కోట నేర్పు పాఠము
(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



కోట యనగానే మనకు కొండపల్లియు, గోలకొండయు స్ఫురించును. నేడు మేము ప్రస్తావింపదలచినది రేవును కాచిన కోట. సింగపూరునకు దక్షిణమున, ఇప్పుడు సెంటోసా యనబడు దీవి పడమటి కొనయందు సిలోసో కోట గలదు.

1869లో సూయజు కాలువ తెరువబడినపిదప తూర్పుసముద్రముల వర్తకము పెరిగెను. ఓడలకు బొగ్గునిచ్చు కెప్పెల్ రేవును కాపాడుటకై ఆంగ్లేయులు సిలోసో కొండనెత్తమును చదునుచేసి ఫిరంగుల నెక్కించిరి. 1938లో ద్వీపమునకు ఉత్తరమున గొప్ప నౌకాస్థావరము వెలసెను. సిలోసోలో ఆరంగుళముల ఫిరంగులు, తూర్పుతీరమున పదునైదంగుళముల ఫిరంగులు నిలిచెను. ఈ దుర్గ మభేద్యమని లోకమునకు చాటిరి.

శత్రువు ఆ ద్వారమున రాలేదు. 1941 డిసెంబరు 8న జపాను సేన మలయాలోని కోటబారు తీరమున దిగెను. రక్షణకై వచ్చిన రెండు మహానౌకలను 10న జపాను విమానములు ముంచివేసెను. 1942 ఫిబ్రవరి 8 రాత్రి శత్రువు ఉత్తరపు జలసంధిని దాటెను. 15న సేనాపతి పెర్సివల్ లొంగిపోయెను.

ఫిరంగులు సముద్రమువైపే బిగింపబడి వెనుకకు తిరుగలేకపోయినవని యొక కథ గలదు. అది నిజము కాదు. సిలోసో ఫిరంగులు మరలి, నేలపై వచ్చుచున్న శత్రువుపై కాల్చినవి. కాని తీరపు పెద్ద ఫిరంగుల గుండ్లలో అధికభాగము ఓడల ఉక్కుకవచమును ఛేదించుటకు చేసినవి. చెదరి నడచు కాలిబంటులను అవి యేమి చేయగలవు? ఫిరంగులు తిరిగినవి, ప్రభువుల బుద్ధి సకాలమున తిరుగలేదు.

మూల్యము చెల్లించిన దెవరు? ఆ కోటవిషయమున ఎన్నడును ఎవరును సలహా యడుగని జనులు. జపానువారు చీనా పురుషులను వేలకొలది ఏరి చంపిరి. ఫిబ్రవరి 17న ఫారర్ పార్కులో భారతసిపాయీలను ఆంగ్లాధికారులు జపానువారికి అప్పగించిరి. వారిలో అనేకులు ఆజాద్ హింద్ ఫౌజున చేరిరి. సిలోసో కోటయే ఖైదీల శిబిర మయ్యెను. రెండు నెలలు తిరుగకమునుపే, ఏప్రిల్ 6న, మన విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను బాంబులు పడెను.

సింగపూరు ప్రజలు నేడు ఆ కోటను కూల్చక ప్రదర్శనశాలగా నిలుపుకొనిరి; 2022లో జాతీయ స్మారకముగా ప్రకటించిరి. పరుల యోటమికి గురుతైనను తమ బాధకును అదియే సాక్ష్యమని వా రెరుగుదురు.

సోదరులారా! రేవును కాచుట వేరు, ప్రజను కాచుట వేరు. ఏ కోటను చూచినను, దాని ఫిరంగులను లెక్కించుటకు ముందు, అది ఎవరికొరకు కాపున్నదని యడుగుడు.