ఇసుకపై చక్రాల జాడ

గడచిన మాఘమాసమున మేము ఐదుగురము మూసారాంబాగునుండి జీపులో దివిసీమకు బయలుదేరితిమి. దిల్‌సుఖ్‌నగర్ రద్దీ దాటుటకే గంట పట్టినది. ఆ కథ వేరు. బాటలేని తీరమువెంట బండి నడుపుచు వన్యప్రాణులను చూడవలెనని మా ముచ్చట.

నాగాయలంక దాటి మడ అడవులలో బావురుపిల్లికొరకు వెదకితిమి. దాని అడుగుజాడ మాత్రమే దొరకినది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు విలవిలలాడిన సొర్లగొందిని దాటి కడలియొడ్డు చేరునప్పటికి ప్రొద్దు క్రుంకినది.

తడియిసుక గట్టిగా నున్నది, బండి పోనిమ్మని మేమే తొందరచేసితిమి. మావెంట వచ్చిన జాలరి పెద్ద "ఆగండి బాబూ" అని చేయి అడ్డుపెట్టెను. నీటినుండి పొడియిసుకలోనికి ట్రాక్టరు జాడవంటి చాలొకటి పోయియున్నది. అది ఆలివ్ రిడ్లీ తాబేలు నడచిన దారి. మూరెడులోతు గోయి త్రవ్వి, సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి తల్లి సముద్రమున కలియును. మరల తిరిగి చూడదు. 45 మొదలు 60 దినములకు పిల్లలు వెలువడి, కడలిపై వెలుగును బట్టి నడచును. తడియిసుక చేరుటకు బండి పొడియిసుకను దాటవలెను గదా, గూళ్లన్నియు అచ్చటనే! మిగిలిన పిల్ల చక్రపుగాడిలో పడినచో ఎక్కలేక గాడివెంటనే పోవును, తెల్లవారునప్పటికి కాకులపాలగును. 1972 నాటి వన్యప్రాణి చట్టము మాకు తెలియును. చక్రముక్రింద నున్నది తెలియదు.

దీపములార్పి నడచితిమి. తాబేలు కనబడలేదు. తిరుగుదారిలో, మా జీపు అప్పటికే చేసిన ఇరువదిగజముల గాడిని కాళ్లతో పూడ్చితిమి, అరగంట పట్టెను.